కిలో రేకులు, ఒక సీసా

సర్‌చెష్మె ఊళ్ళో గులాబీ రేకులకు బేరమాడటం అన్నదే లేదు. ఏటా పూలు విచ్చే కాలంలో వచ్చే మొదటి శుక్రవారం పొద్దున్నే తూబా ఖానుమ్ తన పన్నీటి దుకాణం తలుపులు తెరిచి, ఈ ఏడు సీసా ఇంత అని చెబుతుంది. ఊళ్ళో కిలో రేకుల ధర కూడా ఆ ఏడాదికి అంతే. సీసా రెండు వేల తుమాన్లంటే కిలో రేకులూ రెండు వేలే. కిలో రేకులు కాచితే రెండు సీసాలు దిగుతాయి, ఒకటి తోటవాడి పాలు, రెండోది కొట్టు పాలు. ఆమె మామగారి తాత నాటి నుంచి వస్తున్న పద్ధతి ఇది. కాగితం లేదు, సంతకం లేదు. పన్నీటికి మంచి ధర పలికితే తోటవాడు కూడా బాగుపడతాడని, పలకకపోతే ఇద్దరూ కలిసే ఓర్చుకుంటారని పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు. ఓర్చుకోవలసిన రోజు ఎన్నడూ రాలేదు కాబట్టి, వస్తే ఎవరెంత ఓర్చుకోవాలో ఎవరూ ఆలోచించలేదు.

ఆ రోజును వెంటబెట్టుకొచ్చినవాడు ఇరజ్. కాషాన్ పట్నం మనిషి, నలభై దాటని వయసు, నున్నటి గడ్డం. తూబా కొట్టుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, అద్దాల అరలతో దుకాణం పెట్టాడు. అతని సీసాల్లో ఉన్నది నీళ్ళు, అందులో డ్రమ్ముల్లో తెప్పించిన గులాబీ సెంటు. అబద్ధమేమీ ఆడలేదు. 'గులాబీ సువాసన గల నీరు' అని సీసా మీద రాయించాడు, అది చదవాలంటే భూతద్దం కావాలి. ధర ఆరు వందలు.

కిందటేడు టెహ్రాన్ నుంచి కార్లేసుకొచ్చిన జనం ముందు తూబా దగ్గర ఆగారు. మూత తీసి వాసన చూశారు. రోడ్డు దాటి ఇరజ్ దగ్గర కూడా చూశారు. అక్కడే కొనుక్కుని కార్లెక్కారు. నల్ల కళ్ళద్దాలు తల మీదికి తోసుకున్న ఒకావిడ పనిగట్టుకుని వెనక్కి వచ్చి మరీ చెప్పింది.

"అమ్మా, మీ దాంట్లో వాసనే రావట్లేదు. వాళ్ళది చూడండి, మూత తియ్యకుండానే గుప్పుమంటోంది."

"అవును తల్లీ, బట్టల సబ్బు కూడా గుప్పుమంటుంది. దాంతో షర్బత్ కలుపుకుంటావా?" అంది తూబా.

ఆవిడ నవ్వేసింది. నవ్వుతూనే వెళ్ళి ఇరజ్ దగ్గర నాలుగు సీసాలు కొంది. నోటితో తూబాను గెలిచినవాళ్ళు ఊళ్ళో లేరు గానీ, ఆ కాలం ముగిసేసరికి కొట్టు వెనక గదిలో మూడు వందల సీసాలు మిగిలిపోయాయి.

ఆ చలికాలమంతా తూబాకు అదే దిగులు. భర్త పోయి పదకొండేళ్ళు. పిల్లలు లేరు. ఉన్నవల్లా ఆరు రాగి డేగిసాలు, వాటి కింద మంట చూసే సఫర్, ఈ కొట్టు. సఫర్ ఇరవై ఆరేళ్ళుగా ఆ పొయ్యిల దగ్గరే ఉన్నాడు. కనుబొమలు కాలి కాలి మళ్ళీ మొలవడం మానేశాయి. ఎవరూ అడక్కపోయినా సలహాలిస్తాడు.

"ఖానుమ్, రెండు వేలకీ ఆరొందలకీ మధ్య పెద్ద గొయ్యుంది. జనం ఆ గొయ్యి చూసే భయపడి అటు పోతున్నారు. మనం పదమూడొందలన్నామనుకోండి, ఆ కాస్త దూరం దూకేస్తారు. అసలుదంటే ఎవరికి చేదు?"

"పదమూడొందలకిస్తే నాకేం మిగుల్తుంది సఫర్, నీ కనుబొమలా?"

"ఒక్క ఏడాది. వాడు కొట్టు కట్టేసే దాకా. వాడు పోయాక మళ్ళీ రెండు వేలు పెట్టుకుందురు గాని."

తూబా కసిరింది గానీ ఆ మాట బుర్రలో నాటుకుంది. ఒక్క ఏడాది. తన నష్టం తను పడగలదు. దాచుకున్న బంగారు గాజులు నాలుగున్నాయి, అవి పోతే పోతాయి. కానీ సీసా పదమూడు వందలైతే కిలో రేకులు కూడా పదమూడు వందలే అవుతాయి. ఊళ్ళో మిగతా తోటల వాళ్ళకు అక్రోటు చెట్లున్నాయి, బాదం ఉంది. గులాబీ తప్ప ఇంకేమీ వెయ్యనివాడు ఒక్కడే ఉన్నాడు. అతను యదుల్లా, తూబా తమ్ముడు.

ఆ తోట వాళ్ళ నాన్న పెట్టింది. నాలుగు వందల మొక్కలు, కొండ కింద మెట్లు మెట్లుగా. కొండ కడుపులోంచి తవ్వుకొచ్చిన పాతకాలపు కాలువ నుంచి పది రోజులకొకసారి తోటకు నీటి వంతు వస్తుంది. తల్లి పోయేసరికి యదుల్లాకు మూడేళ్ళు, తూబాకు పదమూడు. వాణ్ణి ఆ మొక్కల మధ్యే తన కొంగుకు కట్టుకుని నడిపించింది, ముళ్ళు గుచ్చుకుంటే నోటితో పీకింది. పెళ్ళయి పన్నీటి వాళ్ళింటికి వచ్చాక కూడా ప్రతి పూతకాలం ఆ తోట రేకులే మొదట డేగిసాలోకి వెళ్ళాలని పట్టుబట్టి సాధించుకుంది. ఆ తోటంటే ఆమెకు ప్రాణం.

శుక్రవారం ఇంకా మూడు రోజులుందనగా తెల్లవారుతూనే తోటకు వెళ్ళింది. కొండ అవతలి నుంచి వచ్చిన ఎనిమిది మంది కూలీలు నడుముకు గుడ్డలు కట్టుకుని వంగి కోస్తున్నారు. ఎండ కొండ మీదికి రాకముందే పువ్వు చెట్టు దిగాలి, ఎండ తాకితే పువ్వులోని నూనె గాలికి పోతుంది. యదుల్లా మోకాళ్ళు పట్టుకుని లేచాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, అక్కను చూడగానే పిల్లాడి మొహం అవుతుంది.

"ఏంటక్కా ఇంత పొద్దున్నే? కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదా."

"నీ తోటకి రావడానికి నాకు కబురు కావాల్రా?"

"నా తోటేంటి, నీ తోట. నేను కాపలావాణ్ణి."

ఇలాంటి మాటలు ఆ దేశంలో అందరూ అంటారు. మనం దిగేటప్పుడు టాక్సీవాడు డబ్బులెందుకండీ అంటాడు. రొట్టెలవాడు వేడి రొట్టె చేతిలో పెట్టి, మీ దగ్గర తీసుకుంటానా అంటాడు. సరే అని జేబులో చెయ్యి పెట్టకుండా వెళ్ళిపోయేవాణ్ణి వీధి వీధంతా వింత జంతువును చూసినట్టు చూస్తుంది. వద్దంటే మళ్ళీ అడగాలి. మళ్ళీ వద్దంటే మూడోసారి అడగాలి. మొదటి రెండూ మర్యాద కోసం, మూడోసారి వచ్చేదే జవాబు. చిన్నప్పుడు యదుల్లాకు ఈ మర్యాదలన్నీ నేర్పింది తూబాయే.

"ఈ ఏడు సీసా పదమూడొందలు చేద్దామనుకుంటున్నా," అంది.

మళ్ళీ కోతకు దిగిన యదుల్లా వేళ్ళు ఒక్క క్షణం ఆగి కదిలాయి. "మంచిదక్కా."

"రేకులకి కూడా అంతేగా మరి. నీకు ఇబ్బందవుతుందేమో."

"నీకూ నాకూ మధ్య ఇబ్బందేంటి? వదిలెయ్."

"వదిలెయ్యడం కాదు, నిజం చెప్పు. కూలీలున్నారు, ఎరువుంది. నీకు గిట్టుతుందా?"

"నువ్వెంతంటే అంతక్కా. నీకు గిట్టితే నాకు గిట్టినట్టే."

రెండుసార్లయింది. నాలుగు మొక్కల అవతల యదుల్లా భార్య గోహర్ కోత ఆపి నిలబడింది. ఏదో అనబోయింది. యదుల్లా ఆమె వైపు చూశాడు. ఆమె పెదవులు బిగించి మళ్ళీ వంగింది. ఇదంతా తూబా కళ్ళారా చూసింది.

మూడోసారి అడిగితే వాడు నిజం చెబుతాడని ఆమెకు తెలుసు. నిజం వింటే శుక్రవారం ధర తగ్గించలేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. "ఒక్క ఏడాదేరా," అని మాత్రం అంది. దేవుడు నీ చేతికి బరకత్ ఇవ్వాలక్కా అన్నాడు తమ్ముడు. వచ్చేటప్పుడు ఒక చిన్న మూట నిండా రేకులు కట్టి చేతిలో పెట్టాడు, చాయ్‌లో వేసుకోమని.

శుక్రవారం వచ్చింది. తోటల వాళ్ళు ఎప్పటిలాగే కొట్టు ముందు అరుగు మీద కూర్చున్నారు. తూబా పదమూడు వందలు అంది. ఒక ముసలాయన పంచదార గడ్డ పంటి కింద పెట్టుకుని చాయ్ చప్పరించి, "ఖానుమ్ నోట వచ్చింది, అంతే," అని లేచాడు. యదుల్లా అందరికంటే ముందు వచ్చి, అందరికంటే వెనక కూర్చున్నాడు. అక్క ధర చెబుతుంటే తల ఊపాడు.

మొదటి వారం సఫర్ చెప్పినట్టే జరిగింది. జనం గొయ్యి దూకారు. రోజూ ఆరు పొయ్యిలూ మండాయి. సఫర్ ఆవిరి పోకుండా మూతల అంచులకు బంకమట్టి మెత్తుతూ కూనిరాగాలు తీశాడు. ఎదురుగా ఇరజ్ కొట్టు ముందు ఈగలు ముసురుకున్నాయి. తూబా రోజుకు పదిసార్లు అటు చూసి, చూసినప్పుడల్లా చాయ్ తెమ్మని కేకేసింది.

ఎనిమిదో రోజున ఇరజ్ తన బోర్డు చెరిపి నాలుగు వందల యాభై అని రాశాడు. రాసి, చేతులు తుడుచుకుని, రోడ్డు దాటి వచ్చాడు. మర్యాదగానే వచ్చాడు, చేతిలో చిన్న మిఠాయి పొట్లంతో. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగాడు.

"ఖానుమ్, ఏమనుకోకండి. మీరు తగ్గిస్తే నాకు తగ్గించక తప్పదు."

"ఎంత దాకా తగ్గిస్తావు నాయనా?"

"మీరెంత తగ్గిస్తే దానికి తగ్గట్టు. మీకూ నాకూ మధ్య దూరం ఉండాలి, లేకపోతే నా సీసా ఎవరు కొంటారు? నాకూ తెలుసు నాదేంటో, మీదేంటో."

"సిగ్గు లేదూ?"

"ఉంది. కానీ చూడండి, మీ సీసా వెనక తోటుంది, కూలీ ఉన్నాడు, పొయ్యి ఉంది. ఎక్కడో ఒక చోట మీకు అడుగు తగుల్తుంది. నాదేముంది? సీసా ఖరీదు, మూత ఖరీదు, సెంటు ఓ చుక్క. మిగతావి నీళ్ళు. పెద్దవారు, పైగా మీ చాయ్ తాగాను కాబట్టి చెబుతున్నా. నాతో ధరలో పోటీకి రాకండి."

మిఠాయి పొట్లం పుచ్చుకోకుండా పంపించేసింది. కానీ వాడి మాటలు పంపించలేకపోయింది. వాడు చెప్పింది అక్షరాలా నిజం, అదీ ఆమెకు మంట. వారం తిరిగేసరికి కార్లు మళ్ళీ రోడ్డుకు అవతల ఆగడం మొదలుపెట్టాయి.

ఆ మధ్యలోనే ఇస్ఫహాన్ నుంచి ఫోనొచ్చింది. ముప్పై ఏళ్ళుగా తూబా ఇంటి పన్నీరు తప్ప వాడని మిఠాయి కొట్టు పెద్దాయన. ఆరోగ్యం అడిగాడు, కాళ్ళ నొప్పులు అడిగాడు, పోయిన భర్తకు స్వర్గం కోరాడు. చివరికి అసలు మాటకొచ్చాడు.

"పదమూడొందలని విన్నాను ఖానుమ్. నిజమేనా?"

"నిజమే హాజీ గారూ. మీకు కూడా అంతే. సంతోషమేగా?"

"నేను రెండు వేలిచ్చినప్పుడు ఏనాడూ ఎక్కువనుకోలేదు. ఇప్పుడు పదమూడొందలంటే మాత్రం భయంగా ఉంది."

"భయమెందుకండీ?"

"అయితే ఇన్నాళ్ళూ నా దగ్గర ఏడొందలు ఎక్కువ తీసుకున్నారనుకోవాలి. కాదంటే ఇప్పుడు నీళ్ళు కలిపారనుకోవాలి. మిమ్మల్ని ఏమనుకోను ఖానుమ్? మీరే చెప్పండి."

తూబా ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. ఎదురు కొట్టు సంగతి, ఒక్క ఏడాది సంగతి ఏవో చెప్పింది. తనకే అవి సాకుల్లా వినపడ్డాయి. పెద్దాయన అంతా ఓపికగా విని, ఈ ఏడు సరుకు పంపవద్దని, వచ్చే ఏడు దేవుడు చల్లగా చూస్తే కలుద్దామని ఫోన్ పెట్టేశాడు. చవకగా కావలసినవాళ్ళు ఇరజ్ దగ్గరికి పోయారు, మంచిది కావలసినవాళ్ళు ఆమె చవకైపోయిందని పోయారు. ఫోన్ పక్కన కూర్చుని ఆ రెండు దారులూ ఆమె చాలాసేపు తలపోసింది.

ఆ దిగులులో ఒక సంగతి ఆమె గమనించనేలేదు. యదుల్లా రేకులు తగ్గుతూ వస్తున్నాయి. మొదట్లో పొద్దున్నే మూడు డేగిసాలకు సరిపడా వచ్చేవి. తరువాత రెండు. తరువాత ఒకటి. పూత బాగా లేదేమో అనుకుంది. అడగలేదు. ఆమె కళ్ళన్నీ రోడ్డుకు అవతలే ఉన్నాయి.

ఒక రోజు ఎండ ముంగిట్లోకి దిగాక యదుల్లా పాత వ్యాను వచ్చి ఆగింది. గోనె సంచుల్లో కుక్కిన రేకులు. తూబా సంచిలో చెయ్యి పెట్టింది. లోపల వేడి. రేకులు ఉడికి, అంచులు గోధుమరంగు తిరిగాయి. కొట్టు ముందు నలుగురు కొనేవాళ్ళున్నారు. రాక రాక వచ్చిన కొనేవాళ్ళు.

"ఏంట్రా ఇది?" అంది గట్టిగా. "ఎండెక్కాక తెస్తే ఇందులో వాసనేం మిగుల్తుంది? ఎదురుగా ఒకడు కూర్చుని నా పరువు తీస్తున్నాడు, చాలదా? నువ్వు కూడానా?"

"తప్పయిందక్కా."

"తప్పయిందంటే అయిపోతుందా? నాన్న ఉంటే ఈ సంచీలు నీ మొహాన కొట్టేవాడు."

"నిజమే. కొట్టేవాడు," అన్నాడు యదుల్లా. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో ఆమె చూడలేదు. సఫర్ చూశాడు. వేళ్ళ నిండా ముళ్ళు దిగిన గాట్లు, కొన్ని చీము పట్టి. సఫర్ నోరు తెరవబోతే యదుల్లా కళ్ళతోనే వారించాడు. ఎవరూ అడక్కుండా సలహాలిచ్చే ఆ మనిషి ఆ రోజు మాత్రం నోరు మూసుకున్నాడు. తరువాత చాలా కాలం దానికి ఏడ్చుకున్నాడు.

పూతకాలం అయిపోయింది. ఇరజ్ కొట్టు కట్టెయ్యలేదు సరికదా, పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాడు. తూబా నాలుగు గాజుల్లో రెండు అమ్మింది. ఎండాకాలం ఇంట్లో పడుకుని గోడలకేసి చూస్తూ గడిపింది. శరత్తు వచ్చి అక్రోటు ఆకులు పచ్చబడేటప్పటికి ఒక నిశ్చయానికి వచ్చింది. రోడ్డుకు అవతల చూడటం మానెయ్యాలి. వచ్చే ఏడు సీసా రెండు వేల ఐదు వందలు. పాతదానికంటే ఐదు వందలు ఎక్కువ. కొనేవాడు కొంటాడు. రెండు వందల సీసాలే అమ్ముడైతే రెండు వందలే కాచుతుంది. ఇస్ఫహాన్ పెద్దాయనకు తనే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడుతుంది. తమ్ముడికి కిలోకు రెండు వేల ఐదు వందలు వస్తుంది, వాడు పడ్డ నష్టం తీరుతుంది. అలా అనుకున్నాక నెలల తరువాత ఆమెకు ఆకలేసింది. అన్నంలోకి ఎండు నిమ్మకాయ వేసి కూర వండుకుని, గిన్నె తుడిచి తిని, చాదర్ కప్పుకుని తోటకు బయల్దేరింది. దారంతా ఆ ధర తమ్ముడికి ఎలా చెప్పాలా అని తనలో తను నవ్వుకుంది.

తోటకు వచ్చే కాలువ ఎండిపోయి ఉంది. ఆ రోజు యదుల్లా నీటి వంతు అని ఆమెకు గుర్తు. చిన్నప్పటి నుంచి ఆ పది రోజుల లెక్క ఆమె ఒంట్లోనే ఉంది. వంతు మారిందేమో అనుకుంటూ మలుపు తిరిగింది.

తోట లేదు.

మెట్లు మెట్లుగా నేల ఉంది. ప్రతి మెట్టు మీదా వరసగా గుంటలు, నాలుగు వందల గుంటలు. పక్కన తవ్విపోసిన ఎర్రమట్టి ఇంకా తడారలేదు. గోహర్ ఒక గుంట పూడుస్తోంది. పార ఆపింది, కానీ సలాం చెప్పలేదు.

"ఏంటే ఇది గోహర్?" అంది తూబా. "ఏం చేశారే?"

"కనపడట్లేదా వదినా?"

"ఎందుకు? పురుగు పట్టిందా?"

గోహర్ పార కింద పడేసింది. "పురుగు! అవును, పట్టింది. పదమూడొందల పురుగు. కిలో ధరలో సగం కోత కూలీకి ఇవ్వాలి కదా, ఆరొందల యాభైకి ఎవడొస్తాడు? ఐదో రోజే ఇటుక బట్టీలకి పోయారు ఎనిమిది మందీ. నాలుగొందల మొక్కలు ఇద్దరం కోశాం, మీ తమ్ముడూ నేనూ. ఆ మోకాళ్ళతో. సగం పువ్వు చెట్టు మీదే మాడిపోయింది. కోసింది నీ దగ్గరికి తెస్తే జనం ముందు నిలబెట్టి తిట్టావు."

"నాకు చెప్పలేదేమే? ఒక్క మాట..."

"ఎలా చెబుతాడు వదినా? నీకు చెప్పేవాడేనా? ఆ రోజు నువ్వొచ్చి అడిగినప్పుడు నేను చెబుదామని లేచాను. నువ్వు నా మొహం చూశావు. చూసి కూడా వెళ్ళిపోయావు."

తూబా గుంట గట్టు మీద కూలబడింది. కాదనడానికి ఏమీ లేదు. చూసింది, నిజమే. చూసి కూడా వెళ్ళిపోయింది.

"నీళ్ళేవి?" అంది కాసేపటికి. "వంతు ఇవాళే కదా."

"అమ్మేశాడు. చలికాలానికి ఇంట్లో గోధుమలుండాలి కదా."

"నీటి వంతు అమ్మేశాడా? ఎవరికి?"

కోపమంతా ఊడ్చుకుపోయి గోహర్ మొహంలో జాలి లాంటిది వచ్చింది. "ఇంకెవరికి కావాలి వదినా ఈ ఊళ్ళో అన్ని నీళ్ళు?"

తూబాకు అర్థమైంది. వాడి సరుకంతా నీళ్ళేనని వాడే చెప్పాడు, తన అరుగు మీద కూర్చుని, తన చాయ్ తాగి. తన తండ్రి మొక్కలు తాగిన నీళ్ళు వచ్చే ఏడు నాలుగు వందల యాభైకి సీసాల్లో అమ్ముడవుతాయి. చాదర్ అంచు నోట్లో కుక్కుకుంది గానీ ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లలా, సిగ్గు లేకుండా, ఒళ్ళంతా ఊగిపోయేలా ఏడ్చింది. వద్దు వద్దనుకుంటూనే గోహర్ వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

అప్పుడే ఇంటి వెనక నుంచి యదుల్లా వచ్చాడు. అక్క అక్కడ కూర్చుని ఉండటం చూసి తడబడి, చేతులు దులుపుకుని, గబగబా నడవబోయి మోకాలు పట్టేసి ఆగాడు.

"అక్కా! ఎప్పుడొచ్చావు? కింద కూర్చున్నావేంటి మట్టిలో? గోహర్, తివాచీ వెయ్యలేదేం? చాయ్ పెట్టావా?"

"వద్దురా," అంది తూబా.

"వద్దేంటి, ఇంటికొచ్చి చాయ్ తాగకుండా వెళ్తావా? ఇల్లు నీది." అని, ఆమె మొహం చూసి, భార్య మొహం చూసి, గుంటల వైపు మాత్రం చూడకుండా కాసేపు నిలబడ్డాడు. ఏదో ఒకటి చెప్పి అక్కను ఊరడించాలి. ఆమెను ఏడిపించినవాడు ఎవరో కానట్టు, ఆమె మనసు కుదుటపరచే భారం తన ఒక్కడిదే అయినట్టు వెతుక్కున్నాడు. దొరికింది.

"నీకోసం ఒకటి ఉంచానక్కా. రా, చూపిస్తా."

ఇంటి గోడ పక్కన మోపులు కట్టి పేర్చి ఉన్నాయి. గులాబీ మొదళ్ళు, వేళ్ళతో సహా. ముళ్ళన్నీ కొడవలితో చెక్కేసి ఉన్నాయి, ఎత్తేవాళ్ళ చేతులకు గుచ్చుకోకుండా. ఒక్కొక్క మొదలూ మనిషి ముంజేయంత లావు. వాటిలో కొన్నింటిని తూబా గుర్తుపట్టింది. మనుషుల్ని గుర్తుపట్టినట్టే గుర్తుపట్టింది.

"కట్టెల కొట్టువాళ్ళు వచ్చి అడిగారు, నేనివ్వలేదు," అన్నాడు యదుల్లా. "బాగా ఎండితే గులాబీ కట్టె పొగ రాదు, మంట నిలకడగా ఉంటుంది. నీ పొయ్యిలకి రెండేళ్ళొస్తుంది. సఫర్‌కి చెప్పు, వ్యాను పంపుతాను. పంపడమెందుకు, నేనే తెచ్చి పడేస్తా."

"ఎంతరా?" అంది తూబా. ఎందుకంటున్నదో తెలియకుండానే ఆ మాట వచ్చింది.

"నీ దగ్గర డబ్బులేంటక్కా," అన్నాడతను నవ్వుతూ. వంగి ఒక మోపు ఎత్తబోయాడు. మోపు సగం లేచి ఒక పక్కకు ఒరిగింది.

తూబా రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ మోపు ఎత్తి, ఎదురెదురుగా నిలబడ్డారు. దాన్ని పొయ్యి కిందికి తోసి, పైన ఖాళీ రాగి డేగిసా పెట్టి, సఫర్ మంట ఊదటం ఆమె కళ్ళకు కట్టింది.

"వీటి మీద ఏ రేకులు కాచనురా, యదుల్లా?" అంది.

యదుల్లా నోరు తెరిచాడు. చిన్నప్పుడు ఆమే నేర్పిన మర్యాద మాటలు ఎన్నో వచ్చు అతనికి. మోపు మోస్తూ, అక్క కళ్ళలోకి చూస్తూ, ఏదో ఒకటి నోటికి వస్తుందేమోనని అతను చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఒక్కటి కూడా రాలేదు.